పీరు దించిన ఎనిమిది

నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడి పీరు బోర్డు మీది ఎనిమిదిని కొక్కెం నుంచి ఊడదీస్తున్నాడు. మార్టూరు దాటాక హైవే పక్కన ఉన్న పెట్రోలు బంకులో అతనిది ఇరవై రెండేళ్ల నౌకరీ. లారీలకు డీజిలు కొట్టడం, ధర మారినప్పుడల్లా రేకు అంకెలు మార్చడం అతని పని. ఆ అంకెలన్నీ ఎర్ర రంగుతో తన చేత్తో రాసుకున్నవే. బడికి వెళ్లింది రెండేళ్లే కదా, అతని ఎనిమిది కాస్త ఎడమకు ఒరిగి, చంకన బిందె పెట్టుకున్న ఆడమనిషిలా ఉంటుంది.

మనిషి సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఖాకీ చొక్కా భుజాల దగ్గర వెలిసి తెల్లబడింది. అరచేతి గీతల్లో ఏ సబ్బుకూ లొంగని నలుపు. "నీ చేతి ముద్ద తింటే లారీలో కూర్చున్నట్టుంటదయ్యా" అని నవ్వేది జానీబీ, కాపురానికి వచ్చిన కొత్తల్లో.

ఆ రోజులే వేరు. డీజిలు ధరకు అప్పట్లో ఒక్క రేకు చాలేది. తర్వాత దాని ముందు ఒకటి వచ్చి కూర్చుంది. అది పోయి రెండు, రెండు పోయి మూడు. మిరప టిక్కీ బస్తాలేసుకుని గుంటూరు యార్డుకు పోయే లారీ వచ్చి ఆగిందంటే, ఆ ఘాటుకు బంకంతా ఒకటే తుమ్ములు, నవ్వులు. దించిన రేకులను పాత బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు పీరు. ఆ ఒకటిని మాత్రం గుడ్డలో చుట్టి పెట్టాడు, ఎప్పటికైనా అవసరపడుతుందని.

మనం కాల్చే నూనెలో నూటికి డెబ్బై పాళ్లు పరాయి దేశాల నుంచి ఓడల్లో వస్తుందనీ, వాళ్లకిచ్చే పీపా ధర పెరిగితే ఇక్కడ తన అంకె పెరుగుతుందనీ రేడియో విని నేర్చుకున్నాడు. ఆ ఏడు, రెండువేల ఎనిమిది ఆషాఢంలో, పీపా నూట నలభై ఏడు డాలర్లయి కూర్చుంది. దసరా దాటాక సగానికి పడింది. మార్గశిరం వచ్చేసరికి యాభై కూడా లేదు. అయినా బోర్డు మీద ముప్పై ఎనిమిది ముప్పై ఎనిమిదే.

నాలుగు రోజుల కిందట చిన్ననాటి నేస్తం చెంచురామయ్య బంకు ముందు సైకిలు ఆపి అరిచాడు. వాగు ఒడ్డున రెండెకరాల మిరప కౌలుకు చేస్తున్నాడు. తడి పెట్టాలంటే ఆయిలింజనే గతి.

"ఏరా పీరూ, దిగుద్ది దిగుద్దంటన్నావ్, ఏదిరా?"

"ఓడ రావద్దంట్రా? పాత రేటుకు కొన్నది అయిపోవాలి గదా!"

"నీ ఓడ ఏ సముద్రంలో మునిగిందో! పైరు పిందె మీదుంది. ఇంకో తడి పడకపోతే అంతా తాలుకాయే. శనివారం దాకా చూస్తా. రూపాయన్నా దిగిందా, ఇంజను ఉంచుతా. లేదా, పాత ఇనుము కింద తూకానికేస్తా."

ఇవాళే ఆ శనివారం. పొద్దున్నే ఓనరు వచ్చి డీజిలు రెండు రూపాయలు తగ్గిందన్నాడు. పీరు రెండుసార్లు అడిగి మరీ రూఢి చేసుకున్నాడు. ఎనిమిది దించి ఆరు తగిలించాడు. నిచ్చెన దిగుతుంటే ఎడమ రెక్క లాగింది. రాత్రి నుంచీ అంతే. జానీబీతో చెబితే పనికి పోనివ్వదని చెప్పలేదు.

చెంచురామయ్యకు సెల్లు లేదు. ఉన్నా, నోటిమాట నమ్మే రకం కాదు. పీరు ఓనరును గంటసేపు సెలవడిగి, ఎనిమిది రేకును చొక్కాలో దోపుకుని, డీజిలు క్యాను సైకిలుకు తగిలించుకుని వాగు దారి పట్టాడు.

అప్పటికే ట్రాక్టరు వచ్చి ఉంది. పాత ఇనుము కొనేవాడు రెండు బోల్టులు విప్పేశాడు.

"ఆగండ్రా!" పీరు రేకు పైకెత్తాడు.

"ఏందిరా అది?"

"నీ ఎనిమిది. దించేశా. పోయి చూసుకో, ఆరు ఏలాడతంది."

చెంచురామయ్య రేకు తిప్పి తిప్పి చూసి, బొటనవేలితో రంగు రుద్దాడు. "రెండు రూపాయలకు ఇంత రొప్పుకుంటా వచ్చావంట్రా ముసలోడా!" అంటూనే ఇనుము కొనేవాడి వైపు తిరిగాడు. "బిగించవయ్యా బోల్టులు. బేరం లేదు."

"మరి నా ట్రాక్టరు కిరాయి?"

"వచ్చే ఏడు రా, నన్నే తూకానికేసుకుపోదువు."

ఇంజను దగ్గి, పొగ కక్కి, డుగుడుగుమని అందుకుంది. గొట్టంలోంచి నీళ్లు ఎగిరిపడ్డాయి. పీరు గట్టు మీద తుమ్మచెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు.

"వచ్చిందిరా నా ఓడ" అన్నాడు, కళ్లు మూసుకుని.

చెంచురామయ్య ఒక్కో సాలుకూ నీళ్లు మళ్లించుకుంటూ పోయాడు. ఎండ నడినెత్తికొచ్చింది. "ఒరేయ్ పీరూ, చివరి సాలూ తడిసిందిరా!" అని కేకేశాడు. పలుకు లేదు. మడి నిండి పొర్లిన నీళ్లు గట్టు కిందికొచ్చి పీరు పాదాలను తడుపుతున్నాయి. అతను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

మూడు రోజులకు బక్రీదు. జానీబీ పొయ్యి వెలిగించలేదు. మరుసటి ఏడు బంకులో లైట్ల బోర్డు పెట్టారు. దానికి నిచ్చెనతో పనిలేదు.

వాగు ఒడ్డున ఇంజను పాకలో మాత్రం, గుంజకు కట్టిన తీగ మీద, ఎడమకు ఒరిగిన ఆ ఎర్ర ఎనిమిది ఇంజను ఆడినంతసేపూ సన్నగా వణుకుతూనే ఉంటుంది.