వెనక సీటు కింద బ్యాటరీ

నేను పోతే ఈ ఇద్దరి పంతం వల్లే పోతానని డాక్టరుకు ముందే చెప్పి ఉంచాల్సింది.

సోమవారం డయాలిసిస్‌కు వెళ్ళలేకపోయాను. సగం దారిలో కారు దగ్గి, ఆగి, మళ్ళీ లేవలేదు. ఇవాళ బుధవారం. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. నాలుగడుగులేస్తే ఆయాసం. "ఇంకొక్కటి తప్పిందంటే నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది, ప్రాణం మీదికొస్తుంది" అని డాక్టరు ఫోనులోనే గట్టిగా చెప్పాడు. వాన తెరిపివ్వడం లేదు. బస్సులు ఆగిపోయాయి. అంబులెన్సులన్నీ నీళ్ళొచ్చిన పేటల్లో తిరుగుతున్నాయట, మా పేరు వరసలో రాసుకున్నారట. ఇక మిగిలింది మా నాన్న కారు.

గొడవంతా ఆ కారు దగ్గరే మొదలైంది. నాన్న పోయేముందు దాన్ని కొడుక్కి కాకుండా అల్లుడికిచ్చాడు. అప్పటినుంచి మా ఆయనా మా తమ్ముడూ ఎడమొహం పెడమొహం. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు, మాట్లాడుకోవడం మానేశారు, అంతే. ఒకే గదిలో కూర్చోవాల్సొస్తే ప్రతి మాటా నా మీదుగా పోవాల్సిందే. "మీ తమ్ముణ్ణి కాఫీ తాగమను." "తాగే వచ్చానని చెప్పక్కా." మధ్యలో ఉండేది ఒక్క బల్ల. ఒకరి మాట ఇంకొకరికి శుభ్రంగా వినిపిస్తుంది, కానీ నా నోట్లోంచి వస్తేనే అది మాట కింద లెక్క. బడిలో అరవైమంది పిల్లల నోళ్ళు మూయించినదాన్ని, ఈ ఇద్దరి నోళ్ళు తెరిపించలేకపోయాను.

కారు రోగమేమిటో ఇద్దరికీ తెలుసు. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టడానికి పాయింట్లని రెండు చిన్న లోహపు ముక్కలుంటాయి. అవి కలుస్తూ విడిపోతూ ఉండాలి, మధ్య సందు ఎంతుండాలో అంతే ఉండాలి. ఇన్నాళ్ళూ ఆ సందు మా ఆయనే సరిచేసుకునేవాడు. ఇప్పుడు కళ్ళలో శుక్లాలొచ్చి ఆ పని ఆయన వల్ల కావడం లేదు. తమ్ముడు ఎలక్ట్రీషియన్. సోమవారం సంగతి తెలియగానే ఎక్కడెక్కడో తిరిగి ఒక ఎలక్ట్రానిక్ పెట్టె సంపాదించాడు. అగ్గిపెట్టెకి కాస్త పెద్దది. అది పెడితే పాయింట్లతో పనే ఉండదట, సందూ గిందూ అక్కర్లేదట. ఇవాళ పొద్దున్నే వానలో తడుస్తూ వచ్చి, మా ఆయన వైపు చూడకుండా నేరుగా షెడ్డులోకి వెళ్ళి బానెట్ ఎత్తాడు.

మెట్లు దిగి మళ్ళీ ఎక్కే ఓపిక లేక నేను ముందే కారెక్కి కూర్చున్నాను. వెనక సీట్లో, వీపు కింద రెండు దిండ్లు. పడుకుంటే ఊపిరాడదు. తమ్ముడు పాయింట్లు ఊడదీసి ఒక రేకు ముక్క మీద పెట్టాడు, కొత్త పెట్టె బిగించాడు, తీగలు కలపడం మొదలుపెట్టాడు. మా ఆయన గోడకానుకుని నిలబడ్డాడు. ఒకసారి ముందుకొచ్చి కళ్ళు చికిలించి చూశాడు. ఆ తరవాత కిటికీ దగ్గరికొచ్చి వంగాడు.

"ఎర్త్ ఒకసారి చూసుకోమని చెప్పు మీ తమ్ముడికి."

నాకు ఒళ్ళు మండింది. మాటకి మాటకి మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాను నేను. "మీరే చెప్పండి. నోరుందిగా" అన్నాను.

బానెట్ అవతల్నుంచి తమ్ముడి గొంతు వచ్చింది. "అక్కా, నేను పుట్టకముందు నుంచీ మనింట్లో ఉన్న కారిది. దీని ఎర్త్ గురించి నాకు పాఠాలు అక్కర్లేదని చెప్పు."

నేను చెప్పలేదు. చెప్పడానికేముంది, ఆయన విన్నాడు. విని మళ్ళీ గోడ దగ్గరికి పోయాడు.

తమ్ముడొచ్చి స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పాడు. స్టార్టర్ గిర్రున తిరిగింది, ఇంజిన్ అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. బానెట్ కిందనుంచి కాలిన ప్లాస్టిక్ కంపు సన్నగా వచ్చింది. వాడి మెడ మీద నరం ఉబ్బడం వెనకనుంచి నాకు కనిపించింది.

"అక్కా, ఒక్కసారి దిగుతావా?"

దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాను. వాడు సీటు ఎత్తాడు. బ్యాటరీ ఉండేది ఆ సీటు కిందే. దాని రెండు కొసల్లో ఒకటి కారు ఒంటికి బిగించి ఉంటుంది, ఎర్త్ అనేది దాన్నే. మా నాన్న రోజుల్లో అది ప్లస్ కొస. ఇప్పుడు మైనస్. కొత్త పెట్టె తీగల్ని దాన్ని బట్టే కలపాలి, తారుమారైతే తాళం తిప్పగానే మాడిపోతుంది. నన్ను కదిలించడం ఇష్టంలేక సీటెత్తి చూడలేదు వాడు. పాపం అనాలో చెంప వాయించాలో నాకు పాలుపోలేదు.

"ఎప్పుడు మార్చారో అడుగక్కా."

"రేడియో పెట్టించినప్పుడు తిప్పానని చెప్పు."

అప్పుడు అరిచాను. "నేను చచ్చాక ఎవరి చేత మోయిస్తార్రా మీ మాటలు! శవాన్ని మధ్యలో కూర్చోబెట్టుకుంటారా ఇద్దరూ!"

ఉన్న ఊపిరంతా ఆ అరుపుకే అయిపోయింది. మళ్ళీ పీల్చుకుందామంటే లోపలికి పోవడం లేదు. తమ్ముడు సీటు దించి నన్ను పట్టుకుని కూర్చోబెట్టాడు. గొంతులో బుడగలు చిట్లుతున్నట్టు గరగర. నిజంగానే పోతాననిపించింది. భయమేసింది. వీళ్ళ మీద కోపం కూడా ఆ భయంలో కొట్టుకుపోయింది.

పరుగున పోయి తమ్ముడు మాడిన పెట్టె పీకేశాడు. రేకు మీది పాయింట్లు తీసుకుని గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించాడు. ఇక వాటి మధ్య సందు సరిచేయాలి. ఒంటిచేత్తో అయ్యే పని కాదది. ఒకరు కారు ముందు హ్యాండిల్ పట్టుకుని ఇంజిన్‌ని కొంచెం కొంచెంగా తిప్పాలి, ఇంకొకరు పాయింట్లు బాగా విచ్చుకున్న చోట ఆపించి కొలవాలి. మా ఆయన అడక్కుండానే వెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నాడు. వాళ్ళిద్దరికీ నాకూ మధ్య ఎత్తిన బానెట్.

"అక్కా, తిప్పమను" అన్నాడు తమ్ముడు, అలవాటుగా.

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. చెయ్యి ఊపాను, వాడు చూడలేదు. మా ఆయన నా మాట కోసమే ఆగాడు, హ్యాండిల్ కదల్లేదు.

"అక్కా?"

తమ్ముడు బానెట్ పక్కనుంచి తల పెట్టి నన్ను చూశాడు. వాడి మొహం తెల్లబోయింది.

"బావా, తిప్పు!" అన్నాడు.

హ్యాండిల్ కదిలింది.

"ఇంకొంచెం. ఇంకొంచెం. ఆగు. దాటిపోయింది, వెనక్కి."

"చాలా?"

"చాలు. కదిలించకు."

"స్క్రూ బిగించేటప్పుడు సందు తగ్గిపోద్ది. బిగించాక మళ్ళీ కొలువు."

"కొలుస్తున్నా."

"కొలిచావా?"

"కొలుస్తున్నానన్నాగా బావా, ఊపిరి తిప్పుకోనీ!"

ఆ మాటకి ఇద్దరూ ఒక్క క్షణం ఆగిపోయారు. తరవాత పాయింట్ల మీద మూత పడింది, బానెట్ పడింది. తమ్ముడు తాళం తిప్పాడు. కారు ఒకసారి దగ్గింది. మా ఆయన బయట నిలబడి రెండు చేతులూ బానెట్ మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. రెండోసారికి ఇంజిన్ అందుకుంది.

దారిపొడుగునా తమ్ముడు నడిపాడు. మా ఆయన నా పక్కన కూర్చుని నన్ను నిటారుగా పట్టుకున్నాడు. నీళ్ళున్న చోటల్లా "మెల్లగా" అని ఈయనా, "చూస్తున్నా" అని వాడూ. ఒక గుంటలో ఇంజిన్ తడబడితే ముగ్గురం బిగుసుకుపోయాం. అది మళ్ళీ అందుకునేదాకా ఎవరం ఊపిరి తీయలేదు, నాకెలాగూ లేదు.

ఆసుపత్రిలో నన్ను చక్రాల కుర్చీలో లోపలికి తోసుకుపోయారు. మూతికి ఆక్సిజన్ పెట్టారు, చేతికి సూదులు గుచ్చారు, మిషను తిరగడం మొదలైంది. చాలాసేపటికి రొమ్ము మీది బరువు కొద్దికొద్దిగా దిగింది. గొంతులో గరగర తగ్గింది. బతికాను. ఏడుపొచ్చింది, ఎవరూ చూడకుండా తుడుచుకున్నాను.

ఇద్దరినీ లోపలికి రానిచ్చారు. మంచానికి ఒకరిటూ ఒకరటూ నిలబడ్డారు. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను.

"ఇదిగో, ఆ పెట్టె ఇంకోటి తెప్పించమని మీ..." అని మా ఆయన మొదలుపెట్టి, మధ్యలోనే ఆగాడు. "ఆ పెట్టె ఇంకోటి దొరుకుతుందా?"

"దొరుకుద్ది. ఈసారి సీటెత్తి చూసే కడతా. నువ్వైనా పొద్దున నోరు విప్పి చెప్పుంటే..."

"నువ్వు విన్నావుగా!"

"విన్నాను. విననట్టు ఊరుకున్నాను."

ఎవరో దుప్పటి నా పాదాల మీదికి లాగారు.

"నేనూ అంతే కదరా" అన్నాడు మా ఆయన.

నర్సు వచ్చి ఆక్సిజన్ తీసేసి, "ఇక మాట్లాడొచ్చమ్మా, ఎలా ఉంది?" అని అడిగింది. చాలా బాగుంది. గొంతు నిండా ఊపిరుంది. అటూ ఇటూ ఇద్దరూ నా నోటివైపే చూస్తున్నారని కళ్ళు మూసుకునే తెలుస్తోంది. నేను బదులివ్వలేదు, నిద్రపోతున్నట్టు అలాగే పడుకున్నాను.