మిగిలిపోయిన బిళ్లలు

నేను ఒక మాత్రల షీటును. మాది నల్లమందుకు దూరపు చుట్టరికం ఉన్న వంశం. అందుకే డాక్టరు చీటీ లేనిదే మమ్మల్ని ఎవరికీ ఇవ్వకూడదు. చుట్టమై వచ్చి దయ్యమై పట్టుకుంటామని మా మీద ఒక నింద ఉంది. అది పూర్తిగా అబద్ధమని నేను అనలేను.

ఫ్యాక్టరీలో ఒక మిషను నన్ను ఒత్తి, వెనక రేకు అంటించి బయటికి తోసింది. ఊళ్లు తిరిగి విజయనగరంలో ఎముకల ఆసుపత్రికి వచ్చాను. అక్కణ్నించి సన్యాసమ్మ చేతిసంచిలో ఆమె ఇంటికి చేరాను. ఆమె జాకెట్లు కుడుతుంది. మోకాలు అరిగి కుట్టుమిషను తొక్కలేక, మళ్లీ తొక్కాలన్న పట్టుదలతోనే కొత్త మోకీలు వేయించుకుంది.

"నొప్పి కాలు వంచనివ్వకపోతేనే ఇది వేసుకోమ్మా. తగ్గుతుంటే మానెయ్యి. నిద్రమాత్రతో మాత్రం కలపొద్దు, ఊపిరి మందగిస్తుంది" అని డాక్టరు చెప్పి పంపాడు.

హాయిగా పడుకోవడానికి మమ్మల్ని మింగేవాళ్ల గురించి విన్నాను. సన్యాసమ్మ కష్టపడటానికి మింగింది. బిళ్ల వేసుకుని, అది పనిచేసేదాకా ఆగి, మంచం అంచున కూర్చుని, పళ్ల మధ్య గుడ్డముక్క బిగించి కాలు వంచేది. కళ్లలో నీళ్లు తిరిగినా ఆపేది కాదు. ఆమె అంటే నాకు ఎంత గౌరవమో చెప్పలేను. కాలు వంగేకొద్దీ నన్ను ముట్టుకోవడం తగ్గించి, చివరికి దారపుండల డబ్బాలో పెట్టేసింది.

అప్పుడు ఆమె 'అప్పా' అని పిలిచే అక్క గౌరమ్మ బ్రెడ్డూ బత్తాయిలూ పట్టుకుని చూడటానికి వచ్చింది. ఇక్కడివాళ్లకు మందు కూడా ఆవకాయ లాంటిదే. బాగుందంటే పక్కింటికి కాస్త పంపాల్సిందే.

"నీకు గునమిచ్చింది కదే, నాకూ రెండు బిళ్లలియ్యి. మోకాలు సంపేస్తంది" అంది గౌరమ్మ.

సన్యాసమ్మ కత్తెర తీసి నాలోంచి రెండు బిళ్లల ముక్క కత్తిరించి ఇచ్చింది. గౌరమ్మ దాన్ని కొంగున ముడేసుకుంటూ, "రేతిరి నిద్దరబిళ్లతో పాటు ఏసీసుకుంటాను" అంది.

సన్యాసమ్మ చటుక్కున చెయ్యి చాచింది. "ఇటియ్యప్పా. ఆ రెండూ కలిస్తే ఊపిరాడదంట. డాట్రుబాబు సెప్పినాడు."

"బంగారం అడిగానేటి? బిళ్లే కదా." గౌరమ్మ ముడి విప్పి ముక్కను మంచం మీద పడేసి, కాఫీ కూడా ముట్టకుండా వెళ్లిపోయింది.

సన్యాసమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత నన్ను చేతిలోకి తీసుకుంది. నాకు భయమేసింది. ఆ బాధను కూడా నేను కాసేపు మరిపించగలను. చుట్టం దయ్యమయ్యేది సరిగ్గా అక్కడే. ఆమె నన్నూ, ఆ తెగిన ముక్కనూ కలిపి కొంగున కట్టుకుని, వాకర్ పట్టుకుని లేచింది. ఆపరేషనయ్యాక ఒంటరిగా గడప దాటడం అదే మొదలు. చెమటలు కక్కుతూ అదే వీధిలోని అక్క ఇంటిదాకా నడిచింది.

"పదప్పా, నీ మోకాలు డాట్రుకి సూపిద్దాం. నాను తోడొస్తాను" అంది.

గౌరమ్మ చెల్లెలి ముఖం చూడలేదు, కాళ్లు చూసింది. "నడిసొచ్చినావేటే" అని చెప్పులు వేసుకుంది.

ఆసుపత్రిలో వాడని మందులు వేసే పెట్టెలో సన్యాసమ్మ నన్ను వేసేసింది. ఇప్పుడు అక్కడే ఉన్నాను. రేపో మాపో కాల్చేస్తారు. బిళ్లలన్నీ ఖాళీ అయితేనే షీటు జన్మ ధన్యమని మావాళ్లు అంటారు. నాలో ఇంకా బిళ్లలు మిగిలే ఉన్నాయి. ఆ రెండింటి ముక్క కూడా నా పక్కనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా గౌరమ్మ ఊపిరి తీసుకుంటోందని తెలుస్తుంది.