జపాన్ పద్ధతి

ఆఫ్రీన్ జపాన్ పోతోందని తెలిసినప్పటి నుంచి బడిలో ప్రతివాళ్ళకూ ఏదో ఒకటి కావలసి వచ్చింది. క్లాసు పిల్లలకు చాక్లెట్లు, లెక్కల సారుకు పెన్ను, సైన్స్ మేడమ్‌కు ఫ్రిజ్‌కు అంటించే బొమ్మ. హెడ్మాస్టరు కిషన్ రావు సారు మాత్రం వస్తువులేవీ అడగలేదు. "మంచి విషయాలు నేర్చుకొని రామ్మా, మన బడిలో అమలు చేద్దాం" అన్నాడు. ఆ మాట ఆఫ్రీన్‌కు ఎంతగానో నచ్చింది.

బడి ఊడ్చే మల్లక్క అడిగింది ఇంకోటి.

"బిడ్డా, ఆ దేశంల బడి ఊడ్చేటోళ్ళు ఎట్లుంటరో జర చూసి రా. నిలవడి ఊడుస్తరా, వంగి ఊడుస్తరా?"

"గదేం అడుగుడు మల్లక్కా? టవర్లు, రైళ్ళు అడగరాదు?"

"రైలుతోని నాకేం పని? నడుము నాది గద, నడుము సంగతే అడుగుత."

ఆఫ్రీన్ చదివేది తొమ్మిదో తరగతి. మడికొండ అవతల ఊళ్ళో సర్కారు బడి. వాళ్ళ నాన్న ఖాజా పాషాకు రోడ్డు మీద పంక్చర్ షాపు. అక్కడ పారేసిన ట్యూబులతో ఆ పిల్ల మక్కచేలలో కోతుల్ని బెదరగొట్టే యంత్రం ఒకటి చేసింది. కోతులు దానికి రెండ్రోజులే భయపడ్డాయని ఊళ్ళో అంటారు గానీ, ఆ సంగతి సైన్స్ ఫెయిర్ జడ్జీలకు తెలియదు. యంత్రం జిల్లాలో గెలిచింది, హైదరాబాదులో గెలిచింది. రాష్ట్రం నుంచి జపాన్ చూడడానికి పంపే పిల్లల్లో ఆఫ్రీన్ పేరు కూడా వచ్చింది.

పోయింది, చూసింది. రైలు నిమిషం కూడా ఆలస్యం కాకపోవడం చూసింది, అన్నం వడ్డించే రోబోను చూసింది. వీటికంటే ఎక్కువగా ఆ పిల్లను నిలబెట్టేసింది ఒక ఊరి బడి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మైకులో ఏదో పాట వచ్చింది. అంతే, పిల్లలందరూ తలకు గుడ్డ కట్టుకొని లేచారు. కొందరు నిలబడే ఊడ్చారు, కొందరు మోకాళ్ళ మీద తడిగుడ్డతో నేల తుడుచుకుంటూ పోయారు. ఊడ్చేవాళ్ళ కోసం ఆఫ్రీన్ బడంతా కళ్ళతో వెతికింది. ఒక్కరూ కనబడలేదు. పెద్ద పనులకు మాత్రం జీతగాళ్ళు వేరే ఉన్నారని చెప్పారు. గోడకు మాత్రం అట్టతో చేసిన చక్రం ఒకటి ఉంది. దాన్ని రోజుకింత తిప్పితే ఎవరి వంతు ఏ పనో తెలుస్తుందట. ఆ రోజు బాత్రూం వంతు వచ్చిన ఆయన నెత్తి నెరిసిన మనిషి, చొక్కా చేతులు మడిచి కూర్చొని రుద్దుతున్నాడు. ఎవరని అడిగితే హెడ్మాస్టరన్నారు.

తిరిగొచ్చాక బడిలో మీటింగ్ పెట్టి ఆఫ్రీన్‌ను మాట్లాడమన్నారు. పిల్లలే బడి ఊడ్చుకుంటారని చెప్పగానే టీచర్లు చప్పట్లు కొట్టారు. పిల్లలు మొహాలు వేలాడేశారు. ఇక హెడ్మాస్టరు సంగతి చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పక్కనే కుర్చీలో కిషన్ రావు సారు, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో, మురిసిపోతూ కూర్చున్నాడు. ఆయన మొహం చూసి ఆఫ్రీన్ ఆ మాట మింగేసింది. పెద్దవాళ్ళను అందరి ముందూ నువ్వు బాత్రూం కడుగు అన్నట్టు ఎట్లా అంటారు?

సారు మైకు అందుకున్నాడు. "సోమవారం నుంచి మన బడిలో జపాన్ పద్ధతి!"

శనివారం బడి విడిచాక గేటు దగ్గర మల్లక్క నిలబడి ఉంది. చేతిలో చీపురు లేదు. సారు పిలిచి ఇక రావద్దన్నాడట. పిల్లలే ఊడ్చుకుంటారు కదా, ఆ జీతం మిగిలితే గోడకు డిజిటల్ బోర్డు వస్తుందన్నాడట. నడుము పట్టేసిన మనిషి, పత్తి ఏరడానికి కూలికి ఎవరూ పిలవరు. ఈ బడి తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు.

"ఊడ్చేటోళ్ళు ఎట్లుంటరో చూసి రమ్మన్న గని, ఊడ్చేటోళ్ళే లేకుండ చెయ్యమన్ననా బిడ్డా?" అంది. గట్టిగా కూడా అనలేదు. అని ఇంటి తోవ పట్టింది.

ఆఫ్రీన్ సిగ్గుతో చచ్చిపోయింది. ఇంటికి పోకుండా నేరుగా షాపుకు పోయి నాన్నకు జరిగింది చెప్పింది. ఖాజా పాషా ట్యూబును నీళ్ళలో ముంచి బుడగల కోసం చూస్తూ విన్నాడు.

"నువ్వు చూసిందంత చెప్పినవా?"

"లేదు అబ్బాజాన్. సగమే చెప్పిన."

"మరి తక్కిన సగం ఎవరు చెప్పాలె? జపాన్ నేను పోయిన్నా?" అన్నాడు. "నోటితోని పడ్డ పంక్చర్ నోటితోనే అతకాలె. పో, ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకు అనడం తేలిక. సోమవారం పొద్దున బడిలో దుమ్ము లేచిపోతోంది. తరగతి గదులు ఊడ్చే పిల్లల్ని కిషన్ రావు సారు వరండాలో నిలబడి ఫోటోలు తీస్తున్నాడు. బాత్రూంలు కడగడానికి ఆలస్యంగా వచ్చినవాళ్ళను పంపారు. అంటే పని కాస్తా శిక్ష అయింది. అది చూశాక ఆఫ్రీన్‌కు భయం పోయింది, కోపం వచ్చింది. జపాన్‌కు వెంట తీసుకుపోయిన నాన్న ఫోను పట్టుకొని సారు ముందు నిలబడింది.

"సార్, మొన్న నేనొకటి చెప్పలే."

"మరిచిపోయావామ్మా? చెప్పు చెప్పు."

"మరిచిపోలే సార్, కావాలనే చెప్పలే. అక్కడ హెడ్మాస్టర్ గూడ కడుగుతడు. టీచర్లందరు కడుగుతరు. వంతుల చక్రం మీద వాళ్ళ పేర్లు గూడ ఉంటయి. మేం పోయిన రోజు ఆయనకు బాత్రూం వంతొచ్చింది." ఫోనులో ఫోటో చూపించింది. "పెద్ద పనులకు జీతగాళ్ళు వేరే ఉన్నరు సార్. పిల్లలు ఊడుస్తరని ఎవ్వర్నీ తీసెయ్యలే."

వరండాలో చీపుళ్ళన్నీ ఆగిపోయాయి. పిల్లలందరూ సారు మొహం వంకే చూస్తున్నారు. కిషన్ రావు సారు చెడ్డవాడు కాదు, పైగా పరువున్న మనిషి. "దానికేముంది!" అని చొక్కా చేతులు మడిచి బాత్రూం వైపు నడిచాడు. వెనక బడంతా నడిచింది. లోపలికి పోయిన వేగంతోనే రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని బయటికొచ్చి, "అర్జెంటు ఫోను" అన్నాడు. మోగిన చప్పుడైతే ఎవరికీ వినబడలేదు.

మర్నాడు అట్టతో వంతుల చక్రం చేసి స్టాఫ్ రూంలో పెట్టారు. సైన్స్ మేడమ్‌కు బీపీ అని తేలింది. లెక్కల సారుకు దుమ్ము పడదట. తెలుగు సారు నడుముకు దవాఖాన చీటీ ఉందట. చక్రం తిరిగింది గానీ పని కదల్లేదు. వారం తిరక్కుండానే మల్లక్కకు కబురు వెళ్ళింది. "ఏ పద్ధతైనా మన పరిస్థితులకు తగ్గట్టు మార్చుకోవాలి" అని సారు ప్రేయర్‌లో చెప్పాడు. దాంతో జపాన్ పద్ధతికి మంగళం పాడేశారు.

మల్లక్క వచ్చింది. ఖాజా పాషా ఆమె చీపురుకు పొడుగు పైపు జోడించి ట్యూబు ముక్కతో బిగించి ఇచ్చాడు. నిలబడి ఊడ్చి చూసుకొని, "గిది మంచిగున్నది" అంది. గేటు దగ్గర అన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆఫ్రీన్‌కు గుండె మీద నుంచి బండ దిగినట్టయింది. కానీ మధ్యాహ్నం తరగతిలో చూస్తే నేల మీద మళ్ళీ పల్లీ పొట్టు, పెన్సిల్ చెక్కులు, అన్నం మెతుకులు. ఎవరి కాళ్ళ కింద చూసినా అంతే. ఇంత దూరం పోయి వచ్చింది దీనికా అని దుఃఖం ముంచుకొచ్చింది. అందరూ ఆటకు పోయాక గుడ్డ తడుపుకొచ్చి, తన బెంచీ కింద మోకాళ్ళ మీద కూర్చొని తుడవడం మొదలుపెట్టింది.

గుమ్మంలో పొడుగు చీపురు ఆగింది.

"పెట్టు కింద!" అని మల్లక్క ఉరికొచ్చింది. "మళ్ళ నా నౌకరికి ఎసరు పెడ్తవా?"

"నీ నౌకరి కాదు మల్లక్కా. నేను పారేసింది నేను తీస్తాన. గంతే."

మల్లక్క ఆ పిల్ల వైపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి ఆఫీసు గది వైపు ఒకసారి చూసి, తలుపు సగం దగ్గరికేసింది.

"తుడువు," అంది. "సారు చూడకుండ తుడువు."