రాదన్న భాష

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. ఒక భాషలో అన్న మాటను దుబాసీ మరో భాషలో చెబితే, దాన్ని చెవిన వేయడం నా పని. ఫ్యాక్టరీ నుంచి మొదట చేపల వ్యాపారం మీద జరిగిన అంతర్జాతీయ సభకు వెళ్లాను. అక్కడి ప్రతినిధులు నన్ను తగిలించుకుని హాయిగా కునుకు తీసేవారు. వాళ్లే నయమని తర్వాత తెలిసింది.

తర్వాత యుద్ధ నేరాల కోర్టులో నన్ను రాద్విన్ తోర్దాక్ చేతికిచ్చారు. ఏటికి ఇవతలి జాతిని ఉద్ధరిస్తానని గద్దెనెక్కి, అవతలి జాతి ఊళ్లను ఖాళీ చేయించిన నాయకుడు. అక్కడి మగవాళ్లను బస్సులెక్కించి, కొండల్లోకి తోలి కాల్పించాడని అభియోగం. ఆ బస్సుల పక్కన అతను నిలబడి ఉన్న వీడియో కూడా ఉంది. దానికి అతను చెప్పేది ఒకటే: "వాళ్ల భాష నాకు రాదు. ఏమని మొరపెట్టుకున్నారో నాకేం తెలుసు?"

అందుకని ప్రతి మాటా నేనే మోయాలి. సాక్షి గొంతు వణికితే చాలు, నన్ను ఊడబెరికి బల్ల మీద పడేసేవాడు. "ఇది పనిచేయడం లేదు" అని లాయరు చేత చెప్పించేవాడు. విచారణ ఆగిపోయేది. మెకానిక్ వచ్చి నన్ను చెవిన పెట్టుకుని, "భేషుగ్గా ఉందండీ" అనేవాడు. రోగం లేని నాకు ఎన్ని వైద్యాలు చేయించాడో! ప్రాణం విసిగిపోయేది.

ఒక ఉదయం జెస్మా సాక్ష్యానికి వచ్చింది. ఏటి అవతలి ఊళ్లో రొట్టెలు కాల్చి అమ్మే ముసలామె. భర్తనూ కొడుకునూ ఆ బస్సుల్లోనే పోగొట్టుకుంది. ఆమె నోరు తెరవగానే తోర్దాక్ అలవాటు ప్రకారం నన్ను తీసి పక్కన పడేశాడు.

ఆమె తన భాషలోనే అంది: "ఏం రాద్విన్, గుర్తుపట్టలేదా? మీ అమ్మ నిన్ను మా ఇంట్లో వదిలి పనికి పోయేది. ఆ తల్లి పోతే చూడ్డానికైనా రాలేదు నువ్వు. శవపేటిక మా ఆయనే మోశాడు."

"అబద్ధం! నేనొచ్చానక్కా. వచ్చేసరికే మీవాళ్లు పూడ్చేశారు!"

ఆమె భాషలోనే, ఆమె యాసలోనే అరిచాడు.

"మీ హెడ్‌ఫోన్ బల్ల మీదే ఉందండీ," న్యాయమూర్తి నెమ్మదిగా అన్నారు.

లాయరు తల పట్టుకున్నాడు. జెస్మా ముఖంలో గెలిచిన సంబరమేమీ లేదు.

"మా మాట నీకొచ్చని నాకు తెలుసులే. ఒక్కటి అడగడానికే ఇంత దూరం వచ్చా. మావాళ్లని ఎక్కడ పూడ్చారయ్యా?"

తోర్దాక్ గబగబా నన్ను తగిలించుకున్నాడు. దుబాసీ ఆ ప్రశ్న చెప్పింది. నేను ఒక్క అక్షరం పోకుండా అందించాను.

"వినపడటం లేదు," అన్నాడు.

యావజ్జీవం పడింది. నన్ను మ్యూజియంలో గాజుపెట్టెలో పెట్టారు. జనం వచ్చి ఫోటోలు తీసుకుంటారు. జెస్మా గడ్డపార పట్టుకుని ఇంకా ఆ కొండల్లో తవ్వుతూనే ఉందట.