నా నోరు నొక్కిన శనివారం

నేను ఒక మైకును. చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్‌కు అతికి ఉంటాను, చిటికెన వేలంత కూడా ఉండను. ఫ్యాక్టరీలో ఒకమ్మాయి నాలోకి రెండుసార్లు "హలో" అని, పనిచేస్తోందని తేల్చి పెట్టెలో పడేసింది. ఆ తర్వాత హైదరాబాదులో ఒక కాల్ సెంటరులో మూడేళ్లు ఉన్నాను. అక్కడి వాళ్లు కన్నవాళ్లు పెట్టిన పేర్లు పక్కనపెట్టి, ఎవరివో పేర్లతో, ఎవరిదో యాసలో మాట్లాడేవారు. తన గొంతు తనది కాదని నటించడానికి జీతం తీసుకునే జీవి మనిషొక్కడే అనుకుంటాను.

ఆ ఆఫీసు మూతపడ్డాక, పాత సామాన్ల దుకాణం మీదుగా కదిరి చేరి గౌసియా చేతిలో పడ్డాను. ఆమె పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. మాట విని అక్షరాలుగా రాసే యంత్రాలకు సీమ తెలుగు ఎంత అర్థమవుతుందన్నది ఆమె పరిశోధన. నన్ను ఫోనుకు తగిలించి వేరుశనగ చేలన్నీ తిప్పింది. నలభై మంది కూలి ఆడవాళ్ల మాటలు రికార్డు చేసింది. యంత్రాలు అందులో సగం కూడా సరిగా రాయలేకపోయాయి. ఆ లెక్కే ఆమె థీసిస్‌లో నాలుగో అధ్యాయం.

ఆ ఏడాది పరిశోధక విద్యార్థులకు కొత్త సాంకేతికతల మీద ఆన్‌లైన్ ఉపన్యాసాలు పెట్టారు. పన్నెండు వారాలు, ప్రతి శనివారం ఉదయం. ఐదో వారం ముకుందరావు గారనే ప్రొఫెసర్ తన యంత్రం గురించి చెప్పారు. రైతు ఫోనులో బాధ చెప్పుకుంటే విని సలహా ఇస్తుందట. తెలుగులో నూటికి తొంభై ఏడు మాటలు తప్పుల్లేకుండా పట్టుకుంటుందట.

గౌసియా నన్ను నోటి దగ్గరికి లాక్కుంది. "సార్, ఏ ఊరోళ్ల గొంతులతో పరీక్ష చేసినారు సార్? మా పక్క..."

అంతే, నిర్వాహకులు నా నోరు నొక్కేశారు. తెర మీద నా బొమ్మకు అడ్డంగా ఎర్రగీత పడింది. ప్రశ్నలు చాట్‌లో రాయమన్నారు. రాసింది. ఎవరూ చదవలేదు.

మధ్యాహ్నం ఆమె గైడు ఫోన్ చేశాడు. "పెద్దవాళ్లతో నీకెందుకమ్మా? రేపు నీ థీసిస్ ఆయన దగ్గరికే పోవచ్చు. ఆ నాలుగో అధ్యాయం తీసెయ్."

"అది తీసేస్తే ఇంకేముంటాది సార్? అట్టలే."

చివరి శనివారం విద్యార్థులకు తలా ఐదు నిమిషాలిచ్చారు. ముకుందరావు గారే అధ్యక్షులు. గౌసియా వంతు వచ్చేసరికి ఆమె పక్కన ఓబుళమ్మ కూర్చుని ఉంది. ఆ నలభై మందిలో ఒకతె. నన్ను ఆమె తలకు తగిలించి, ప్రొఫెసర్ గారి యంత్రాన్నే అందరికీ కనబడేలా తెర మీద తెరిచింది గౌసియా.

"చెనిక్కాయకు ఊడలు దిగినాయి. వాన ల్యాకపాయ. ఏం జేయల్ల?" అంది ఓబుళమ్మ. వేరుశనగకు కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళ వాన లేదని ఆమె గోడు.

యంత్రం రాసింది: 'శనికి కాయ. ఊళ్లు దిగినాయి. వాన లేఖ పాయసం.'

తెర మీది ఎనభై కిటికీల్లో అందరూ అది చదివారు. ముకుందరావు గారు కలగజేసుకున్నారు. "ఆమెను కొంచెం నిదానంగా, స్పష్టంగా మాట్లాడమనండి."

ఓబుళమ్మకు కోపమొచ్చింది. నాకు బాగా దగ్గరగా వంగింది. "నాకేమన్నా నత్తి ఉండాదా సామీ? చెవుడు దానికి. నన్నెందుకు నోరు తిప్పుకోమంటావు?"

ఎవరో నవ్వారు. తర్వాత తామూ ప్రశ్నలడుగుతామంటూ ఒక్కొక్కరూ చేయెత్తసాగారు. ఈసారి నన్ను నొక్కడానికి నిర్వాహకులకు ధైర్యం చాలలేదు. చివరికి ముకుందరావు గారు, "ఆ రికార్డింగులు పంపగలరా?" అని అడిగారు.

"పంపుతా సార్. మాట్లాడినోళ్ల పేర్లతోనే పంపుతా. ఆ పేర్లు తీసేయకుండా వాడుకోండి."

క్రమశిక్షణ లేదంటూ గౌసియాకు ఆ ఉపన్యాసాలకు హాజరైన సర్టిఫికెట్ ఇవ్వలేదు. నాలుగో అధ్యాయం మాత్రం ఒక్క వాక్యం తగ్గకుండా థీసిస్‌లో నిలిచింది.

ఇప్పుడు నేను కాలేజీ వెనకగదిలో, చెడిపోయిన కీబోర్డులతో కలిసి గోనెసంచిలో ఉన్నాను. తీగ తెగింది. రేపో మాపో కరిగిస్తారు. కరిగించుకోనీ. నలభై మంది ఆడవాళ్లు చెప్పదలచుకున్నది నన్ను దాటి వెళ్లిపోయింది. దాన్ని వెనక్కి పిలిచే మీట ఏ నిర్వాహకుడి దగ్గరా లేదు.