వియ్యపురాలి జోళ్ళు

గోవిందప్ప చెప్పులోకి మణికట్టు దాకా చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుని లోపలంతా తడిమాడు. పట్టీ కుట్టిన చోట దారం ముడి ఒకటి వేలికి తగిలింది. ఆవగింజంత ఉంటుందేమో. అయినా కుట్టు విప్పేసి మళ్ళీ మొదలుపెట్టాడు. మామూలు మనిషైతే ఆ ముడి గుచ్చుకోగానే చెప్పు విసిరేస్తాడు. ఇక్కడికి వచ్చేవాళ్ళకు ఆ అదృష్టం లేదు. చక్కెర జబ్బు ముదిరి స్పర్శ చచ్చిపోయిన కాళ్ళు వాళ్ళవి. ముల్లు దిగినా తెలియదు.

చిక్కబళ్ళాపురంలో ఓ ఆసుపత్రి వెనక, మెట్ల కింద ఇరుక్కున్న గది అతనిది. అతికించే సొల్యూషన్ వాసన, మెత్తటి రబ్బరు తునకలు, పాదాల ఆకారాలు గీసిన అట్టలు. మంచేనహళ్ళి దగ్గర బోరు ఎండిపోయి సేద్యం మూలపడ్డాక ఈ పని నేర్చుకున్నాడు. భూమి ఉన్న ఇంట పుట్టి చెప్పులు కుట్టడమేమిటని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. తర్వాత వాళ్ళకే చక్కెర వచ్చింది. ఒక్కొక్కరే వచ్చి ఆ గదిలోనే కాళ్ళు చాపారు. గోవిందప్ప ఎవరినీ ఎత్తిపొడవలేదు. అది అతనికి చేతనైన పని కాదు.

ఆ పొద్దున చింతామణి నుంచి పిళ్ళప్ప అనే రైతు వచ్చాడు. గోవిందప్ప కింద కూర్చుని పాదం పట్టుకోబోతే చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"వద్దప్పా! పెద్దోడివి, నా కాళ్ళు ముట్టుకునేదేంది? చెప్పులు సరిపోయినాయిలే."

"సరిపోయినాయని నీ నోరు చెప్తాది. కాలికేమీ తెల్దు గదప్పా. నేనే పట్టుకుని చూడాల."

పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, చిటికెన వేలి పక్కన చెప్పు అంచులోకి తన వేలు దూర్చాడు. అది అటూ ఇటూ ఆడాకే పట్టీ బిగించాడు. పిళ్ళప్ప సిగ్గుతో మొహం తిప్పుకుని కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు గోవిందప్ప చేతులు కళ్ళకద్దుకుని పోయాడు.

పిళ్ళప్పకు చెప్పిన ఈ మాట హనుమక్కకు చెప్పలేకపోయాడు. అదే అతణ్ణి లోపల తినేస్తోంది.

హనుమక్క అతని వియ్యపురాలు, కోడలు చైత్ర తల్లి. భర్త పోయాక పాతపాళ్యలో ఒంటిచేత్తో వేరుశనగ పండించుకుంటోంది. మూడు నెలల కిందట ఆమెకు చెప్పులు కుట్టి తీసుకుపోయాడు. పాదం పట్టుకుని చూస్తానంటే ఆమె గబగబా చీర అంచు కాళ్ళ మీదికి లాక్కుంది.

"శివశివా! పెండ్లిలో నీ కొడుకు కాళ్ళకు నీళ్ళు పోసిన చేతులన్నా ఇవి. నీ చేత నా కాళ్ళు పట్టించుకుంటానా? ఊరు నవ్వతాది. నేనే ఏసుకుంటాలే."

వేసుకుంది. నాలుగడుగులు నడిచి, "బాగుండాయన్నా" అంది. ఆమె మర్యాద ఆమెది, ఇతని మర్యాద ఇతనిది. కాఫీ తాగి బస్సెక్కాడు. కుడి చెప్పు చిటికెన వేలి దగ్గర కాస్త బిగువేమోనని దారిలో అనుమానం వచ్చింది కూడా. వెనక్కి వెళ్ళి అడగడానికి మొహమాటపడ్డాడు.

ఆ బిగువు వేలిని ఒరుసుకుంది. నొప్పి లేక చాన్నాళ్ళు ఆమెకు తెలియలేదు. తెలిశాక, వియ్యంకుడి పనికి మాట వస్తుందని ఎవరికీ చెప్పలేదు. చైత్ర కంటపడేసరికి వేలు నల్లబడి ఉంది. మోకాలి కిందికి కాలు తీసేయకపోతే ప్రాణానికే ముప్పన్నారు డాక్టర్లు. హనుమక్క ఒప్పుకోక ఇంటికొచ్చేసింది.

పొద్దున్నుంచి కుడుతున్నది ఆమె జతే. పుండు మీద చెప్పు వేయకూడదని అతనికి తెలియక కాదు. ఉత్తచేతులతో వెళ్ళలేక కుట్టాడు. ఈసారి మాత్రం పాదాలు పట్టుకుంటాడు. ఊరు నవ్వితే నవ్వనీ, ఆసుపత్రికి రమ్మని ఆ కాళ్ళు పట్టుకునే బతిమాలుతాడు. వస్తున్నానని చైత్రకు ఫోన్ చేసి, మధ్యాహ్నం బాగేపల్లి బస్సెక్కాడు. అక్కడ బస్సు మారి పాతపాళ్యలో దిగేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది.

హనుమక్క గుమ్మం ముందు చెప్పులు కుప్పగా ఉన్నాయి. ఊళ్ళో సగం మందివి. చెప్పులను చూసి మనుషులను చదవడం అతని బతుకు. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

చైత్ర బయటికొచ్చింది. "మామా, అమ్మ పోయి ఇంగా గంట కూడా కాలేదు. జొరం ఎక్కువై మాట పడిపోయింది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మాట పడకముందు నువ్వొస్తాండావని చెప్తే, కాళ్ళ మీద దుప్పటి కప్పమనింది. అన్న కుట్టిన చెప్పులు బాగనే ఉండాయని చెప్పమనింది."

చేతిలోని సంచి జారి గుమ్మం పక్కన పడింది. తీసుకోవాలని కూడా తోచలేదు.

లోపల పొరుగింటి ముసలామె, కాలి బొటనవేళ్ళు కలిపి కట్టడానికి దారం పట్టుకుని వంగలేక అవస్థ పడుతోంది. "నేను కడతానమ్మా" అన్నాడు గోవిందప్ప. వియ్యంకుడేమిటి, వియ్యపురాలి కాళ్ళేమిటి అని ఎవరూ అనలేదు. దుప్పటి తొలగించి రెండు పాదాలూ ఒళ్ళోకి తీసుకున్నాడు. ఈసారి ఎవరూ వెనక్కి లాక్కోలేదు. వేళ్ళు కట్టాడు. అలవాటున అతని వేలు నల్లబడిన చిటికెన వేలి పక్కకు వెళ్ళి ఆగింది. అప్పుడు ఏడ్చాడు, పెద్దగా, నలుగురూ ఉన్నారన్న సిగ్గు లేకుండా.

పొద్దు వాలాక చూడవచ్చినవాళ్ళు ఒక్కొక్కరే తమ చెప్పులు వెతుక్కుని తొడుక్కుని వెళ్ళిపోయారు. గుమ్మం పక్కన, సంచిలోంచి సగం బయటికొచ్చిన కొత్త జత ఒకటే మిగిలింది. కుడి చెప్పు చిటికెన వేలి దగ్గర కాస్త వెడల్పుగా ఉంది.