ముందు వరుస

పదమూడేళ్లు రగ్బీ ఆడిన అతన్ని జట్టులో అందరూ గూటం అనేవారు. స్క్రమ్‌లో, అంటే ఇరుజట్ల నుంచి ఎనిమిదేసి మంది భుజాలు పెనవేసుకుని బంతి కోసం నెట్టుకునే చోట, అతనిది ముందు వరుస. మెడలో డిస్కు జారడంతో డాక్టరు ఆట మాన్పించాడు. మరుసటి నెలలోనే క్లబ్బువాళ్లు అతన్ని కోచ్‌గా పెట్టుకున్నారు. ఖాళీ అయిన చోటులోకి వచ్చినవాడు స్వయానా అతని బావమరిది.

కోచ్ పని గూటానికి ఒక పట్టాన కొరుకుడు పడలేదు. నెట్టేటప్పుడు వీపు ఎలా ఉంచాలని ఆటగాళ్లు అడిగితే తడబడేవాడు. ఒంటికి తెలిసిన విద్య నోటికి వచ్చేది కాదు. తానే వంగి చూపించబోతే మెడ పట్టేసేది.

ఫైనల్‌కు రెండు రోజుల ముందు, సాధన ముగిశాక, బావమరిది బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ మెడను ఎడమకు వంచి ఒక్క క్షణం ఆగాడు. అది గూటం కంట పడింది. ఆట పోయే ముందు తానూ సరిగ్గా అలాగే ఆగేవాడు. ఆ సాయంత్రం ఫైనల్ జట్టు జాబితాలోంచి బావమరిది పేరు కొట్టేశాడు.

బావమరిది అతని గదిలోకి వచ్చి తలుపు వేశాడు. నిద్రలో మెడ పట్టిందే తప్ప ఇంకేమీ లేదన్నాడు. గూటం మెత్తబడలేదు.

"నిజం చెప్పు బావా. నా మెడ గురించేనా, నీ చోట్లో నన్ను చూడలేకపోతున్నావా?"

గూటం భయపడిన మాట నిజం. పేరు కొట్టేస్తుంటే లోపలెక్కడో హాయిగా అనిపించిన మాటా నిజమే. ఆ హాయి దేనికో అతనికే అంతుపట్టలేదు.

ఫైనల్ ఓడిపోయారు. తర్వాత తీసిన స్కానులో బావమరిది మెడ నిక్షేపంగా ఉందని తేలింది. తమ్ముడికి ఏం చెప్పమంటావని భార్య అడిగింది.

"నాకే తెలీట్లేదు," అన్నాడు.

"తెలిశాక చెప్పు," అని ఆమె లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాన్నాళ్లు ముక్తసరిగానే మాట్లాడింది.

తర్వాతి సీజనుకు బావమరిది వేరే జట్టులో చేరాడు. రెండు జట్లూ తలపడిన రోజు స్క్రమ్ కుప్పకూలింది. బావమరిది అడుగున పడ్డాడు. తానేం చేస్తున్నాడో తెలియకుండానే గూటం గీత దాటి పరుగెత్తి, పడివున్న తన ఆటగాళ్లను దాటుకుని అతని దగ్గర మోకాళ్లూనాడు.

బావమరిది నోట్లో మట్టి ఉమ్మేసి లేచాడు.

"నీ వాళ్లు అటున్నారు బావా."

"తెలుసు," అన్నాడు గూటం. కానీ కదల్లేదు. రిఫరీ అతన్ని మైదానం బయటికి పంపించాడు. మిగతా ఆట కంచె అవతల నిలబడి చూశాడు. తన జట్టు గెలిచింది. సంతోషించాలని కాసేపటికి గుర్తొచ్చింది.

ఆట అయ్యాక బావమరిది తన సంచీ తెచ్చి గూటం కారులో పెట్టాడు. భోజనానికి వస్తున్నానని అక్కకు ఫోన్ చెయ్యమన్నాడు. తనను క్షమించాడో, ఆకలే వేసిందో గూటానికి అర్థం కాలేదు. అడగడానికి ధైర్యమూ చాలలేదు. ఫోన్ తీశాడు.